వేసవి మొదట్లో హైదరాబాద్ చుట్టూ పక్షులు: ఏ వారం ఏవి, ఎక్కడ?

మియాపూర్ మేడ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మార్చి మూడో వారం నుంచి మే ఆఖరు దాకా ప్రతి ఆదివారం పొద్దున పక్షుల లెక్క రాద్దామని ఇద్దరం అనుకుంటున్నాం. 8×42 బైనాక్యులర్, 300 ఎంఎం లెన్సు ఉన్న కెమెరా ఉన్నాయి. అమీన్‌పూర్ చెరువు, గండిపేట, కేబీఆర్ పార్కు తిప్పి తిప్పి వెళ్తాం. నెలకోసారి మంజీరా గానీ అనంతగిరి గానీ.

చలికాలం వలస పక్షులు ఏ వారానికల్లా ఖాళీ చేస్తాయి? ఏప్రిల్ ఆఖర్లో బాతు కనిపిస్తే అనుమానించాలా? ఇంకొకటి. అమీన్‌పూర్‌లో నీళ్ల మీద తిరిగే పిట్ట, నెత్తిన నల్ల టోపీ, చెంప తెలుపు, పొట్ట మసి రంగు. యాప్‌లో ఫోటో పెడితే రివర్ టెర్న్ అన్నది. రివర్ టెర్న్‌కు పొట్ట అంత నల్లగా ఉంటుందా? పొన్నంగి పిట్ట కోసం కేబీఆర్‌లో ఎప్పుడు వెతకాలి? ఎండలో ఎంతసేపు తిరిగితే లాభం?

గట్టుమీద కొంగ జవాబు:

ముందు ఆ టెర్న్ సంగతి. మీరు చెప్పినవన్నీ విస్కర్డ్ టెర్న్ గుర్తులు. చలికాలమంతా అది తెల్లగా, తల మీద నల్ల మరకతో ఉంటుంది. వెళ్లిపోయే ముందు, ఏప్రిల్‌లో, జత కట్టే రంగు దిద్దుకుంటుంది: పొట్ట మసి, ముక్కు ముదురు ఎరుపు, టోపీకీ పొట్టకీ మధ్య తెల్లటి చెంప పట్టీ. రివర్ టెర్న్‌కు ముక్కు పసుపుపచ్చగా మెరుస్తుంది, కాళ్లు ఎరుపు, తోక పొడుగ్గా రెండు పాయలు, కింది భాగం ఎప్పుడూ తెలుపే. తిండి తీసుకునే పద్ధతి కూడా చూడండి. విస్కర్డ్ టెర్న్ నీటి మీదికి వంగి పైపైన ఏరుకుంటుంది, రివర్ టెర్న్ పైనుంచి నీళ్లలోకి దూకుతుంది. యాప్ తడబడేది ఇక్కడే. దానికి మీరిచ్చింది ఒక్క ఫోటో, ఎగిరే తీరు దానికి తెలియదు.

ఒక జాగ్రత్త. పొట్ట నల్లగా ఉండి, ముక్కు నారింజ రంగులో ఉండి, తోక బాగా చీలి ఉంటే అది బ్లాక్-బెల్లీడ్ టెర్న్ కావచ్చు. అది దేశమంతటా బాగా తగ్గిపోయిన జాతి. ముక్కు రంగు తెలిసే ఫోటో లేకుండా ఆ పేరు రాయొద్దు.

వలస బాతుల విషయానికొస్తే, పట్టెతల బాతులు మార్చిలోనే కదులుతాయి. పిన్‌టెయిళ్లు కూడా దాదాపు అప్పుడే. షవలర్, గార్గనీ మాత్రం ఏప్రిల్ దాకా ఆగుతాయి. చివర మిగిలేది తరచుగా గార్గనీ. మగదానికి కంటి మీదుగా మెడ దాకా తెల్ల చార ఉంటుంది, దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఆఖరి వారంలో బాతు కనిపిస్తే వెంటనే వలస పక్షి ఆలస్యమైందని రాయకండి. మన చెరువుల్లో ఏడాదంతా ఉండేవి ఉన్నాయి: స్పాట్-బిల్డ్ డక్ (నల్ల ముక్కు, కొసన పసుపు), చిన్న ఈలబాతు, కాటన్ టీల్. మే నెలలో కనిపించేవి నూటికి తొంభై ఇవే.

బాతులు పోయాక చెరువు బోసిపోయిందని చాలామంది రావడం మానేస్తారు. అది పొరపాటు. నీళ్లు దిగేకొద్దీ అంచుల్లో బురద బయటపడుతుంది, అప్పుడు మొదలవుతుంది ఒడ్డున తిరిగే పక్షుల అసలు సందడి. కాళ్ల పొడుగును బట్టి ఎవరి చోటు వాళ్లది. స్టింట్లు, చిన్న ప్లోవర్లు తడి బురద మీదే. ఉడ్ శాండ్‌పైపర్, మార్ష్ శాండ్‌పైపర్ వేళ్లు మునిగే నీళ్లలో. గాడ్విట్, నల్లరెక్కల స్టిల్ట్ ఇంకాస్త లోతులో. ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు మోకాలి లోతులో. కాబట్టి చెరువంతా తిరగక్కర్లేదు. నీళ్లు అతి పల్చగా పరుచుకున్న మూల ఒకటి పట్టుకుని అక్కడ గంట కూర్చోండి. ఏప్రిల్‌లో లిటిల్ స్టింట్ వీపు ఇటుక రంగుకు తిరుగుతుంది, గాడ్విట్ మెడ నారింజ రంగు ఎక్కుతుంది. పుస్తకంలో చలికాలం బొమ్మ చూసుకుని వచ్చినవాళ్లు ఏదో కొత్త జాతి అనుకుంటారు. రాజహంసలు (ఫ్లెమింగోలు) కూడా నీళ్లు తగ్గిన ఈ రోజుల్లోనే మన చెరువుల్లో దిగుతుంటాయి. రెండు మూడు రోజులుండి ఎగిరిపోవచ్చు, అందుకే దూరంగా నిలబడే చూడండి.

పొద్దున వెలుతురు వీపు మీద పడాలంటే తూర్పు గట్టున నిలబడి పడమటికి చూడాలి. ఎదురెండలో చూస్తే పక్షులన్నీ నల్ల బొమ్మలే, ముక్కు రంగు ఏమీ తేలదు. ఎనిమిదిన్నర దాటితే నీటి మీద ఆవిరి అల్లాడుతుంది. కెమెరా ఎంత మంచిదైనా వంద మీటర్ల అవతలి పిట్ట మెత్తబడిపోతుంది, అది లెన్సు లోపం కాదు.

బురద గురించి కూడా చెప్పాలి. పైన పెచ్చుకట్టి ఎండినట్టుంటుంది, కింద మెత్తగా ఉంటుంది. పెచ్చుల అంచులు పైకి లేచి వంకర తిరిగి ఉంటే గట్టిది. నెర్రెలు సన్నగా ఉండి లోపల ముదురు రంగు కనిపిస్తే అడుగు వేయకండి. మంజీరాలో ఇంకో కారణం కూడా ఉంది: మొసళ్లు. అవి ఎండ కాచుకునేది సరిగ్గా ఆ ఒడ్డునే. అక్కడ గట్టు దిగనే వద్దు.

తాటిమోడు జవాబు:

కొంగ గారు నీళ్ల సంగతి చెప్పారు, నేను చెట్ల సంగతి చెప్తాను.

పొన్నంగి పిట్ట గురించి ముందే చెప్పాలి, కేబీఆర్‌లో మార్చి నుంచి వెతికి విసిగిపోకండి. అది దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపి ఉత్తరానికి పోతూ మన ఊరి మీదుగా వెళ్తుంది. నగరంలో మే నెల దాని కాలం. నేల మీద, ఎండుటాకుల్లో, పొదల నీడలో తిరుగుతుంది, కొమ్మల్లో వెతికితే దొరకదు. తెల్లవారుజామున, మసక చీకట్లో రెండు ముక్కల ఈల వేస్తుంది. ఆ ఈల విని ఆగండి, ఆకులు కదిలే చప్పుడు వినండి. ఖాయంగా చూడాలంటే తొలకరి పడ్డాక అనంతగిరి అడవి మేలు, అక్కడ అది గూడు కట్టే కాలం. దయచేసి ఫోన్లో దాని కూత పెట్టి పిలవకండి. హద్దు కాచుకునే పక్షికి అది శత్రువు వచ్చినట్టు, గూడు పని వదిలేసి మీ చుట్టూ తిరుగుతుంది.

మార్చిలో మోదుగ, బూరుగ పూతల దగ్గర నిలబడితే చాలు. తేనె కోసం వచ్చేవన్నీ అక్కడే: గోరింకలు, పాపట గోరింకలు, తేనెపిట్టలు, ఏట్రింతలు, గులాబి గోరింకల గుంపులు. గులాబి గోరింక అంటే రోజీ స్టార్లింగ్, మధ్య ఆసియాకు తిరుగు ప్రయాణంలో ఉంటుంది. ఒళ్లు గులాబి, తల, రెక్కలు, తోక నలుపు. ఏప్రిల్ నడిమికల్లా గుంపులు పల్చబడతాయి. పాపట గోరింకకు నెత్తి మీద మాత్రమే నల్ల జుట్టు, ఒళ్లు ఇటుక ఛాయ. సాయంత్రం తుమ్మచెట్ల మీద రాత్రి బసకు చేరే గులాబి గోరింకల్ని లెక్కపెట్టాలంటే ముందు పదింటిని వేలితో లెక్కించి, ఆ పది ఆకాశంలో ఎంత జాగా తీసుకున్నాయో గుర్తుపెట్టుకుని, ఆ కొలతతో మిగతా గుంపు కొలవండి. ఇరవై లెక్కించి మిగతాది ఊహిస్తే ఎప్పుడూ తక్కువే తేలుతుంది.

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాని కోసం ఊరంతా వెతుకుతుంది, మార్చిలో అది ఆడే ఆట మాత్రం ఎవరికీ పట్టదు. మగది నిట్టనిలువుగా పైకి లేచి, గరగరమని అరుస్తూ, అటూ ఇటూ పొర్లుతూ కిందికి పడుతుంది. గూడు తల తెగిన తాటిమోడులో, చెట్టు తొర్రలో. మోడు కొట్టేస్తే ఆ ఏటికి దానికి ఇల్లు లేనట్టే. నగరం అంచుల్లో లేఅవుట్లు వేసేటప్పుడు మొదట పోయేవి ఈ మోడులే.

కంసాలి పిట్ట టుక్ టుక్ మంటూ మధ్యాహ్నం కూడా మానదు, నడి ఎండలో వినబడే కూతల్లో అదొకటి. మొదటిసారి వినేవాళ్లు ఉడుత కిచకిచని పిట్ట అనుకుంటారు, కంసాలి పిట్టని నీళ్ల మోటారు అనుకుంటారు. తేడా ఏమంటే ఉడుత లయ తప్పుతుంది, కంసాలి పిట్ట తప్పదు. తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి చప్పుడు ఒకసారి దగ్గర, ఒకసారి దూరం అనిపిస్తుంది. ఎండిన కొమ్మకు అడుగువైపు గుండ్రటి రంధ్రం వెతకండి.

కోకిల జత కట్టేది కాకి గూటి లెక్క ప్రకారం. ఏప్రిల్ నుంచి కాకులు గూళ్లు కడతాయి, అందుకే కూతలు కూడా ఈ నెలల్లోనే రాత్రీ పగలూ సాగుతాయి. పాడేది మగది, నల్లది. చుక్కల ఒళ్లున్న ఆడది గుక్కతిప్పుకోకుండా కిక్-కిక్-కిక్ అని అరుస్తుంది. రెంటినీ వేరు వేరుగా రాయండి.

ఇంకొకటి, డేగ అనుకుని రాసే పొరపాటు. పపీహా, అదే కామన్ హాక్-కుకూ, ఎగిరినప్పుడు అచ్చం షిక్రా డేగలా ఉంటుంది. రంగూ తోక పట్టీలూ అవే. చిన్న పిట్టలు కూడా మోసపోయి తరుముతాయి. వాలినప్పుడు ముక్కు చూడండి: షిక్రాది కొక్కెంలా కిందికి వంగుతుంది, పపీహాది సన్నగా ఉంటుంది, కంటి చుట్టూ పసుపు వలయం. ఎండలు ముదిరేకొద్దీ మెట్టు మెట్టుగా పైకి లేచే దాని కూత విన్నారంటే ఇక అనుమానమే ఉండదు.

చాతకం మాత్రం మృగశిర కార్తె దాకా రాదు. ఏప్రిల్‌లో చాతకం రాస్తే అది తప్పు లెక్క.

జొన్నచేను జవాబు:

తాటిమోడు అన్నా, ఆఖరి మాట ఒక్కటి ఒప్పుకోను. ఆఫ్రికా నుంచి వానలతో వచ్చే చాతకాలు నిజమే, మే చివర, జూన్‌లో వస్తాయి. దక్షిణాదిలో ఏడాదంతా ఉండే చాతకాలూ ఉన్నాయి కదా. ఏప్రిల్ చూపు అరుదు, అంతేగాని తప్పు అనలేం. ఫోటో పెట్టండి, ఎన్ని ఉన్నాయో, ఏ చోటో రాయండి, చూసేవాళ్లు తేలుస్తారు.

మీరు ముగ్గురూ చెరువు, పార్కు అంటున్నారు గానీ బీడు భూముల్ని వదిలేశారు. ఎండాకాలంలో గూడు పెట్టే పక్షులు అక్కడే ఎక్కువ. శంషాబాద్, చేవెళ్ల, వికారాబాద్ వైపు దున్ని వదిలేసిన చేలల్లో పసుపు చెంపల తీతువు ఉంటుంది. ముక్కు పక్కన పసుపు తోలు, నల్ల టోపీ, అరుపు పల్చన. చెరువు గట్టున "ఉత్తిత్తి" అని గోల చేసేది ఎర్ర చెంపలది. రెండూ నేల మీదే పెడతాయి, మామూలుగా నాలుగు గుడ్లు, సన్న కొసలు లోపలికి తిప్పి. గూడు అంటూ ఏమీ ఉండదు, నాలుగు గులకరాళ్లు అంతే. తీతువు మీ నెత్తి మీద తిరుగుతూ అరుస్తున్నా, రెక్క విరిగినట్టు నేల మీద ఈడుస్తున్నా గుడ్లు మీ కాళ్లకు దగ్గర్లో ఉన్నట్టే. ఆగి, వచ్చిన దారినే వెనక్కి నడవండి.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఈ కాలంలో తల్లి కూర్చునేది గుడ్లను పొదగడానికి మాత్రమే కాదు, చల్లగా ఉంచడానికి. మధ్యాహ్నం రెక్కలు కొంచెం విప్పి నీడ పడుతుంది, పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఫోటో కోసం మీరు పక్కన నిలబడితే ఆ గుడ్లు నేరుగా ఎండకు ఉడుకుతాయి. నక్కలూ కుక్కలూ చేసే నష్టం కంటే ఈ నష్టం కంటికి కనిపించదు, అందుకే ఆగదు.

బురద తేలిన చెరువుల్లో, మంజీరా ఇసుక తిన్నెల్లో చిన్న ప్రాటింకోల్, లిటిల్ రింగ్డ్ ప్లోవర్, రివర్ టెర్న్ కూడా ఇలాగే ఉట్టి నేల మీదే పెడతాయి. ఏప్రిల్, మేలో గాలివాన పడి నీటిమట్టం ఒక్కరాత్రిలో పెరిగితే గుడ్లు మునుగుతాయి. అలాంటి వాన మర్నాడు ఆ చోటు మళ్లీ చూసి రాయండి, అది పనికొచ్చే కబురు. పసిరిక పిట్టలు మట్టి గట్టులో అరచేతి లోతు కాదు, ఒక్కోసారి మీటరు పైన కూడా సొరంగం తవ్వుతాయి. ఇసుక కుప్పల్లో, పునాది గోతుల గోడల్లో కూడా. జేసీబీ వచ్చే ముందు మేస్త్రీతో ఒక మాట చెప్తే కొన్నిచోట్ల నెల ఆగుతారు.

కౌజు పిట్టలు పొద్దున్నే కూస్తాయి, పొద్దెక్కితే ఊరుకుంటాయి. పెయింటెడ్ ఫ్రాంకోలిన్ కూత రాళ్లగుట్టల నుంచి వస్తుంది, మనిషి కనిపిస్తే ఆగిపోతుంది. అలాంటప్పుడు రాయి వెనక కూర్చోండి.

మియాపూర్ మేడ:

చాలా ఉపయోగం అండీ. మరి లెక్క ఎలా రాయాలి? ఉదయం అంతా కలిపి ఒకే జాబితా రాస్తున్నాం. వినబడినవి యాప్ చెప్పినట్టు కలిపేస్తున్నాం. అందులో ఏమైనా తప్పా?

మసక వెలుతురు జవాబు:

రెండూ మార్చుకోండి.

ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు రాసే వెబ్‌సైట్, యాప్) చోటుకో జాబితా. అమీన్‌పూర్ చెరువుది ఒకటి, పక్క చేలది ఇంకొకటి. ఒక్కోటి 15 నిమిషాల నుంచి గంట లోపు, నడక కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మించకుండా. మూడు గంటల ఉదయం అంతా ఒక జాబితాలో పోస్తే ఏ పక్షి ఏ రకం చోటులో ఉందో తెలియదు. ఒకే చోట, ఒకే సమయానికి, ప్రతి వారం రాసిన చిన్న జాబితాలు పది ఉంటే అవి పెద్ద జాబితా ఒకటి కంటే ఎక్కువ చెప్తాయి.

"అన్ని జాతులూ రాశారా" అని ఈబర్డ్ అడిగే ప్రశ్నకు అవును అనాలంటే కాకి, పావురం కూడా వదలకూడదు. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు, వలస పక్షులు ఏ వారం వెళ్లాయనే దానికి, జవాబు వచ్చేది ఇలాంటి జాబితాల నుంచే. ఏప్రిల్ 20న గార్గనీ 6, 27న 2, మే 4న ఏదీ లేదు. ఆ మూడో వారం "లేదు" అనేది నమ్మాలంటే ఆ రోజు మీరు చూసినవన్నీ రాసి ఉండాలి. మొదటిసారి కనిపించిన తేదీ అందరూ రాస్తారు. ఆఖరిసారి కనిపించిన తేదీ ఆ రోజు తెలియదు, తర్వాత వెనక్కి చూస్తేనే తెలుస్తుంది. అందుకే నాగా పెట్టకండి. సంఖ్యలు వేయండి, ఉందని గుర్తు మాత్రం పెట్టి వదిలేస్తే తగ్గడమూ పెరగడమూ తేలదు.

మెర్లిన్ యాప్ శబ్దం విని చెప్పే పేర్లు సూచనలు మాత్రమే. ఏట్రింత షిక్రా గొంతు అనుకరిస్తుంది, యాప్ షిక్రా అని రాస్తుంది. బస్సు బ్రేకు, దూరం లౌడ్‌స్పీకర్ కూడా దాన్ని ఏమారుస్తాయి. పేరు వెలిగింది కదా అని రాయకండి. ఆ దిక్కు చూడండి, లేదంటే మీ చెవికే తెలిసిన కూతైతే రాయండి. అరుదైన పేరు వస్తే రికార్డింగ్ 30 సెకన్లయినా దాచి జాబితాకు జత చేయండి, మాట్లాడకుండా ఫోన్ పైకెత్తి పట్టుకోండి.

సమయం సంగతి: హైదరాబాద్‌లో సూర్యోదయం ఏప్రిల్ మొదట్లో 6.10 ప్రాంతంలో, మే నడిమికి 5.45 ప్రాంతంలో. దానికి పావుగంట ముందు చోటులో ఉండండి. తొమ్మిదికల్లా అడవి పక్షులు నీడకు చేరతాయి, ఆ తర్వాత తిరిగితే మీ ఒంటికే నష్టం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ. కెమెరా, బైనాక్యులర్ ఆపి ఉంచిన కారులో వదలకండి, ఆ వేడికి కటకాల జిగురు, లోపలి గ్రీజు దెబ్బతింటాయి.

ఎగిరే టెర్న్‌కు షట్టర్ 1/2000, ఆకాశం వెనకాల ఉంటే ఎక్స్‌పోజర్ 0.7 పెంచండి, లేకపోతే పొట్ట నిజంగా ఎంత నలుపో తెలియదు. నల్ల బురద మీద తెల్ల కొంగకు అంతే తగ్గించండి.

గట్టుమీద కొంగ:

ఇంకో మాట. నీటి కొంగలు ఇప్పుడు రంగు మారుస్తాయి. పొలాల్లో చూసే మట్టిరంగు గుడ్డికొంగ వీపు ముదురు వంగరంగుకు తిరుగుతుంది, పశువుల వెంట తిరిగే కొంగకు తల, మెడ, వీపు నారింజ పూత. రంగు మారిన ఒకే కొంగను రెండు వేర్వేరు జాతులని రాసిన జాబితాలు ప్రతి ఏప్రిల్‌లో కనిపిస్తాయి. నెమలితోక జకానా కూడా పొడుగు తోక మొలిపించుకుంటుంది, మార్చిలో తోక లేనిదీ మేలో ఉన్నదీ ఒకటే.

మియాపూర్ మేడ:

గుడ్డికొంగను పోయిన ఆదివారం రెండు పేర్లతో రాసేశాం. ఇవ్వాళ సవరిస్తాను. మేడ మీద నీళ్ల మట్టి మూకుడు పెట్టాం, దానికి ఎవరొస్తారో వేరే జాబితా తీయొచ్చా?

మసక వెలుతురు:

తీయండి, ఒక చోట నిలబడి చూసినట్టుగా. మూకుడు లోతు రెండు అంగుళాలు దాటకూడదు, మధ్యలో ఒక రాయి పెట్టండి, లేకపోతే పిచ్చుకలు అంచునే ఆగిపోతాయి. నీడలో పెట్టండి. పిల్లి దాక్కునే కుండీల వరుస నుంచి రెండు మీటర్లు దూరంగా. రోజూ పారబోసి, చేత్తో రుద్ది కడగండి. ఈ ఎండలకు వారం నిలిచిన నీళ్లు దోమపిల్లల తొట్టే.